హోటల్ వంటగది పొగగొట్టం: కంటికి కనబడని జిడ్డు, ప్రాణం మీదికి తెచ్చే నిప్పు



ఒక హోటల్ శుభ్రంగా ఉందో లేదో మనం దేన్ని చూసి చెబుతాం? ప్లేటు చూస్తాం, గ్లాసు చూస్తాం, బల్ల తుడిచే గుడ్డ చూస్తాం. కాస్త పట్టింపు ఉన్నవారైతే వంటగది గుమ్మం దాకా వెళ్లి తొంగి చూస్తారు. కానీ పొయ్యి మీద నుంచి లేచిన పొగ ఎటు పోతోంది, అది పోయే గొట్టం లోపల ఎలా ఉంది అని అడిగేవారు చాలా అరుదు. ఆ గొట్టం సీలింగు పైన, గోడ వెనుక, మేడ మీద ఉంటుంది. కంటికి కనబడదు కాబట్టి గుర్తుకు రాదు.

మన సంఘ కుటుంబాలలో హోటళ్ల మీద బ్రతికేవారు ఎందరో ఉన్నారు. టిఫిన్ సెంటరు నడిపేవారు, పెనం దగ్గర నిలబడే దోసె మాస్టర్లు, గిన్నెలు తోమే తల్లులు, గల్ఫ్ దేశాల హోటళ్లలో పని చేస్తూ ఇంటికి డబ్బు పంపే కొడుకులు వీరిలో ఉన్నారు. వీరు రోజుకు పది పన్నెండు గంటలు ఆ పొగలోనే నిలబడతారు. అందుకే ఈ సంచికలో హోటల్ వంటగది పొగగొట్టాన్ని గురించి, దాన్ని శుభ్రం చేసే పనిని గురించి వివరంగా తెలుసుకుందాం. ఇది హోటల్ యజమానులకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. అక్కడ పని చేసేవారికీ, తినేవారికీ, ఆ భవనంలో పై అంతస్తుల్లో నిద్రపోయేవారికీ సంబంధించినది.

పొగతో పాటు పైకి పోయేదేమిటి?

పూరీలు, గారెలు, బజ్జీలు వేయించడానికి నూనె సుమారు 170 నుంచి 190 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉండాలి. ఆ వేడిలో నూనె కొంత ఆవిరవుతుంది, కొంత సన్నని తుంపరలుగా లేస్తుంది. నూనె రకాన్ని బట్టి 200 నుంచి 230 డిగ్రీలు దాటితే నీలిరంగు పొగ కక్కుతుంది. తాలింపు పెట్టినప్పుడు కళ్లు మండి దగ్గు వచ్చేది అందరికీ తెలిసినదే. దానికి మిరపకాయల ఘాటు ఒక్కటే కారణం కాదు. నూనె బాగా కాగినప్పుడు పుట్టే అక్రోలిన్ అనే వాయువు కూడా కంటినీ గొంతునూ మండిస్తుంది.

ఈ వేడి ఆవిరి పైకి లేచి, చల్లని రేకు తగలగానే మళ్లీ నూనెగా మారి అంటుకుంటుంది. అన్నం గిన్నె మూతకు ఆవిరి పట్టి నీటిబొట్లుగా మారినట్టే ఇదీ. అయితే నీటిబొట్టు ఆరిపోతుంది, నూనెబొట్టు ఆరిపోదు. దాని మీద దుమ్ము, మసి, పిండి పడి మడ్డిలా గట్టిపడుతుంది. మన ఇళ్లలో పొయ్యి పైనున్న అటక అంచున వేలు పెట్టి చూస్తే జిగటగా తగులుతుందే, అదే పదార్థం. ఇంట్లో రోజుకు మూడు పూటలు పొయ్యి వెలిగితే, హోటల్లో తెల్లవారుజామున వెలిగించిన పొయ్యి రాత్రి పొద్దుపోయేదాకా ఆరదు. అక్కడ పేరుకునే జిడ్డు ఎంతో ఆలోచించండి.

పొగ వెళ్లే దారి

పెద్ద వంటగదిలో పొయ్యిల పైన గొడుగులా ఒక పెద్ద రేకు పెట్టె వేలాడుతుంది. దానిని హుడ్ అంటారు, కొందరు చిమ్నీ అని కూడా అంటారు. దాని లోపల వరుసగా ఫిల్టర్లు ఉంటాయి. మంచి రకం ఫిల్టర్లలో వంపు తిరిగిన స్టీలు పట్టీలు నిలువుగా ఉంటాయి. పొగ ఆ వంపుల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పోతుంటే బరువైన నూనె బొట్లు పట్టీలకు కొట్టుకుని కిందికి జారి ఒక చిన్న తొట్టిలో పడతాయి. బొట్లు పొయ్యి మీద పడకుండా సులువుగా జారాలంటే ఫిల్టరు కనీసం 45 డిగ్రీల వాలులో ఉండాలి. సన్నని తీగలతో చేసిన జాలీ ఫిల్టర్లు త్వరగా మూసుకుపోతాయి, నిప్పు తగిలితే మంటను ఆపలేవు.

ఫిల్టరు దాటిన పొగ రేకు గొట్టంలోకి వెళుతుంది. ఇదే డక్ట్. అది సీలింగు పైన అడ్డంగా వెళ్లి, తర్వాత నిలువుగా మేడ మీదికి లేస్తుంది. చివర పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండి పొగను లాగి బయటికి వదులుతుంది. ఎంత మంచి ఫిల్టరైనా నూనెనంతా పట్టలేదు. మిగిలినది గొట్టం గోడలకు, మలుపుల దగ్గర, ఫ్యాను రెక్కలకు అంటుకుంటుంది. అడ్డంగా పోయే గొట్టం అడుగున, మలుపు తిరిగే మూలల్లో మడ్డి ఎక్కువగా చేరుతుంది.

జిడ్డు నిప్పుగా మారే తీరు

నూనె 350 డిగ్రీలు దాటి కాగితే అగ్గిపుల్ల గీయకుండానే దానంతటదే అంటుకుంటుంది. పొయ్యి మీద బాణలి మరచిపోయినా, తందూరు నుంచి నిప్పురవ్వ ఎగిరినా, మంట హుడ్‌లోకి లేస్తుంది. ఫిల్టర్లు జిడ్డుతో ఉంటే అవి అంటుకుంటాయి. ఆ వెనుక గొట్టంలో మడ్డి ఉంటే దానికీ నిప్పు పాకుతుంది. పైన ఫ్యాను గాలిని లాగుతూనే ఉంటుంది కాబట్టి కొలిమి తిత్తి ఊదినట్టు మంట రాజుకుంటుంది. గొట్టం లోపల వేడి వెయ్యి డిగ్రీలకు దగ్గర పడుతుంది. ఆ వేడికి రేకు ఎర్రబడి, పక్కనే ఉన్న చెక్క సీలింగు, కరెంటు వైర్లు, గుడ్డ తెరలు మంట తగలకుండానే అంటుకోగలవు. అందుకే గొట్టానికీ, అంటుకునే వస్తువులకూ మధ్య 18 అంగుళాల ఎడం ఉండాలని అమెరికా అగ్నిరక్షణ సంఘం వారి ప్రమాణం చెబుతోంది. పల్చని రేకును మేకులతో బిగించిన గొట్టమైతే అతుకుల నుంచి నూనె కారి సీలింగు మీద చేరుతుంది. అతుకులు నూనె చుక్క కూడా కారనంతగా వెల్డింగు చేసి ఉండాలి.

2007 ఆగస్టు 29న అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక రెస్టారెంటులో జరిగినది ఇందుకు ఉదాహరణ. వంటగది ఎగ్జాస్ట్ గొట్టంలోని జిడ్డుతో మొదలైన మంట సీలింగు పైన, ఎవరి కంటా పడకుండా పాకింది. అగ్నిమాపక సిబ్బంది లోపలికి వెళ్లేసరికి కింద గదిలో పరిస్థితి అంత భయంకరంగా కనబడలేదు. క్షణాల్లో పైనున్న మంట ఒక్కసారిగా కిందికి విరుచుకుపడింది. ఇద్దరు అగ్నిమాపక ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. గొట్టంలో మంట ఎంత మోసకారిదో ఈ సంఘటన చెబుతుంది. కింద అంతా మామూలుగానే కనిపిస్తుంది, పైన ఇల్లు కాలుతూ ఉంటుంది.

మంట కంటే పొగ ముందు చంపుతుంది

అగ్నిప్రమాదాల్లో చాలామంది కాలి చనిపోతారని అనుకుంటాం. నిజానికి ఎక్కువమంది పొగ పీల్చి చనిపోతారు. 1980 నవంబరు 21న లాస్ వేగాస్ నగరంలోని ఎం.జి.ఎం. గ్రాండ్ హోటల్లో కింది అంతస్తు రెస్టారెంటులో కరెంటు లోపం వల్ల నిప్పు పుట్టింది. 85 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది మంట ఛాయలకు కూడా రాని పై అంతస్తుల్లో ఉన్నవారే. మెట్ల దారులు, లిఫ్టు గుంతలు, గాలి గొట్టాల ద్వారా పొగ వారి గదుల్లోకి ఎక్కింది.

మన దగ్గర 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో నిప్పంటుకుని, పైనున్న హోటల్ గదుల్లోకి పొగ కమ్మి 8 మంది మరణించారు. అది వంటగది ప్రమాదం కాదు. అయినా పొగకు దారి దొరికితే ఏం జరుగుతుందో అది మనకు దగ్గరగా చూపింది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మనిషికి మత్తు కమ్ముతుంది, కాళ్లు ఆడవు, తలుపు దాకా నడవలేడు.

పొయ్యి దగ్గర నిలబడే మనిషి ఊపిరితిత్తులు

నిప్పు ఎప్పుడో ఒకసారి వచ్చే ప్రమాదం. పొగ మాత్రం ప్రతిరోజూ ఉండేది. గొట్టం మూసుకుపోతే, ఫ్యాను రెక్కలకు జిడ్డు పట్టి బరువెక్కితే, పొగ పైకి పోదు. అది మాస్టరు ముఖం మీదికే తిరిగి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2006లో ఈ విషయాన్ని పరిశీలించింది. ఎక్కువ వేడిలో నూనెలో వేయించేటప్పుడు లేచే పొగను 'మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేది' అనే వర్గంలో చేర్చింది. దీని అర్థం వంట చేసే ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని కాదు. ఎంత పొగ, ఎన్నేళ్లు, ఎంత మూసిన గదిలో అన్నదాన్ని బట్టి ప్రమాదం పెరుగుతుంది. బీడీ, సిగరెట్టు అలవాటు ఉన్నవారికి ఆ బరువు తోడవుతుంది.

బొగ్గుల తందూరు, కట్టెల పొయ్యి ఉన్న మూసిన గదులలో పైన చెప్పిన కార్బన్ మోనాక్సైడు ప్రమాదం మంట లేకపోయినా ఉంటుంది. వంటగదిలో పని చేసేవారు ఈ లక్షణాలను గమనించాలి:

– పనిలో ఉన్నప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. బయట గాలికి వెళితే తగ్గిపోవడం
– ఒకే వంటగదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఈ బాధ రావడం
– రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు, కళ్లెలో రక్తం
– రాత్రిళ్లు పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం

మొదటి రెండూ ఉంటే అది పైత్యమని సోడా తాగి ఊరుకోకూడదు. వెంటనే అందరూ బయటికి రావాలి, తలుపులు కిటికీలు తెరవాలి, ఆసుపత్రికి రావాలి. మిగిలినవి ఉంటే కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోవాలి. డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు 'హోటల్లో వంట పని' అని తప్పక చెప్పండి. చాలామంది దగ్గు గురించి చెబుతారు గాని పని గురించి చెప్పరు.

ఎన్నాళ్లకొకసారి చూపించాలి?

అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం వారి 96వ నంబరు ప్రమాణం ఈ రంగంలో చాలా దేశాలలో పేరున్నది. గొట్టాన్ని తెలిసినవారితో ఎన్నాళ్లకొకసారి తనిఖీ చేయించాలో అది ఇలా చెబుతుంది:

– బొగ్గు, కట్టెల మీద వండేచోట: నెలకొకసారి
– రాత్రింబవళ్లు నడిచేవి, నిప్పుల మీద కాల్చేవి, చైనా పద్ధతి పెద్ద మూకుళ్లలో ఎక్కువ వేడి మీద వేయించేవి: మూడు నెలలకొకసారి
– మధ్య తరహా వంట జరిగేచోట: ఆరు నెలలకొకసారి
– అప్పుడప్పుడు మాత్రమే వండే చర్చిలు, వృద్ధుల కేంద్రాలు, కొన్ని నెలలే నడిచేవి: సంవత్సరానికొకసారి

తనిఖీలో జిడ్డు కనబడితే శుభ్రం చేయాలి. గొట్టం గోడ మీద జిడ్డు మందం సుమారు 2 మిల్లీమీటర్లకు చేరితే ఇక ఆలస్యం తగదు. 2 మిల్లీమీటర్లంటే ఒక రూపాయి బిళ్ల మందం కంటే కొద్దిగా ఎక్కువ. అంత పల్చని పొరే గొట్టం పొడవునా కాలడానికి చాలు.

ఇది మన దేశపు చట్టం కాదు. అయినా హోటల్ యజమానికి ఒక మంచి లెక్కగా పనికి వస్తుంది. మన వంటల్లో తాలింపులు, వేపుళ్లు ఎక్కువ కాబట్టి, సందేహం ఉన్నచోట తక్కువ గడువునే ఎంచుకోవడం క్షేమం. మన దేశంలో 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కూడా వంటగదిలో గాలి ఆడే ఏర్పాటు, అవసరమైనచోట ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఫిల్టర్లు ఉండాలని, మురికి వైపు గాలి శుభ్రమైన వైపు రాకూడదని చెబుతున్నాయి.

పని తెలిసినవారు ఎలా శుభ్రం చేస్తారు?

హుడ్ బయటి రేకును మెరిసేలా తుడవడం శుభ్రం చేయడం కాదు. అసలు పని లోపల ఉంది. తెలిసినవారి పని వరుస ఇలా ఉంటుంది:

1. హోటల్ మూసిన తర్వాత రాత్రిపూట వస్తారు. పొయ్యిలు చల్లారాయని, గ్యాసు కట్టేశారని చూస్తారు. ఫ్యాను కరెంటు ఆపి, ఎవరూ తెలియక వేయకుండా స్విచ్చుకు తాళం వేస్తారు. ఆటోమేటిక్‌గా మంటలార్పే ఏర్పాటు ఉంటే అది పొరపాటున పని చేయకుండా తెలిసినవారితో ఆపిస్తారు. పని అయ్యాక మళ్లీ దాన్ని తప్పక ఆన్ చేయించాలి.

2. పొయ్యిలు, బల్లలు, పిండి గ్రైండర్లు, సరుకుల డబ్బాలు అన్నిటినీ ప్లాస్టిక్ షీట్లతో కప్పుతారు. నల్లనీళ్లు డ్రమ్ములోకి దిగేలా హుడ్ చుట్టూ తెర కడతారు.

3. ఫిల్టర్లు తీసి వేడినీటిలో, జిడ్డు వదిలించే మందులో నానబెడతారు.

4. గొట్టం లోపలి గట్టి మడ్డిని ముందు గీకుతారు. ఇందుకు గొట్టానికి చిన్న తలుపులు ఉండాలి. అడ్డంగా పోయే గొట్టానికి ప్రతి 12 అడుగులకూ, ప్రతి మలుపు దగ్గరా, నిలువు గొట్టానికి ప్రతి అంతస్తులోనూ తలుపు ఉండాలని పైన చెప్పిన ప్రమాణం. తలుపులు లేని గొట్టాన్ని ఎవరూ పూర్తిగా శుభ్రం చేయలేరు. చేశామని చెబితే నమ్మకండి.

5. తర్వాత మందు చల్లి కాసేపు ఉంచి, వేడినీటిని పీడనంతో కొట్టి, పైనుంచి కిందికి కడుగుతారు. పెట్రోలు, కిరోసిన్ వంటి అంటుకునే ద్రవాలు ఎంతమాత్రం వాడకూడదు.

6. మేడ మీది ఫ్యాను రెక్కలు, పెట్టె, బెల్టు చూస్తారు. ఒక రెక్కకు ఎక్కువ, మరొక రెక్కకు తక్కువ జిడ్డు పడితే ఫ్యాను వణుకుతుంది, బేరింగులు అరుగుతాయి.

7. కడిగిన నీటిని వర్షపు కాలువలోకి వదలకుండా, జిడ్డు ఆపే తొట్టి గుండా పంపుతారు.

8. చివరగా ఫోటోలు తీసి, ఒక చీటీ అంటిస్తారు. దానిమీద శుభ్రం చేసిన తేదీ, చేసినవారి పేరు, అందనందువల్ల శుభ్రం చేయలేకపోయిన భాగాలు రాసి ఉండాలి. ఈ చివరి మాట ముఖ్యం. అందని మూలను దాచకుండా రాసి ఇచ్చేవారే నమ్మదగిన పనివారు.

శుభ్రం చేసేవారి ప్రాణం కూడా ప్రాణమే

ఈ పనికి వచ్చేవారు చాలావరకు కూలి కోసం వచ్చిన యువకులు. జిడ్డు వదిలించే మందుల్లో తరచుగా కాస్టిక్ సోడా ఉంటుంది. నూనెను సబ్బుగా మార్చి నీటిలో కరిగేలా చేసేది అదే. కాని అది చర్మాన్నీ, కంటినీ కూడా అలాగే తినేస్తుంది. అల్యూమినియం ఫిల్టర్లకు దానిని వాడితే లోహం పాడవడమే కాక, అంటుకునే స్వభావం గల హైడ్రోజన్ వాయువు పుడుతుంది. కాబట్టి ఏ లోహానికి ఏ మందు అన్నది తెలిసినవారే ఈ పని చేయాలి.

చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కళ్లకు చుట్టూ మూసి ఉండే అద్దాలు, కాళ్లకు బూట్లు ఉండాలి. మేడ అంచున, నిచ్చెన మీద పని చేసేటప్పుడు బెల్టు కట్టాలి. ఇరుకు గొట్టంలోకి మనిషిని ఒంటరిగా పంపకూడదు. గాలి ఆడక, మందు ఆవిరి కమ్మి లోపలే పడిపోయే ప్రమాదం ఉంది. బ్రష్షులతో బయటి నుంచే చేయగలిగినప్పుడు మనిషిని లోపలికి పంపవలసిన అవసరమే లేదు.

కాస్టిక్ మందు కంట్లో పడితే వెంటనే కుళాయి కింద కన్ను తెరిచి ఉంచి కనీసం 20 నిమిషాలు నీళ్లు పోయాలి. నిమ్మరసం, వెనిగర్, తల్లిపాలు, ఆముదం ఏదీ వేయకూడదు. కడిగిన తర్వాతనే ఆసుపత్రికి తీసుకురావాలి, మందు డబ్బా కూడా తేవాలి. కడగకుండా ఆటో ఎక్కించి తీసుకువస్తే ఆ దారిలోనే చూపు పోవచ్చు. మందు పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు. అది ఎక్కేటప్పుడు మరోసారి గొంతును కాలుస్తుంది.

ఏ.సి. గొట్టాల మాట

పెద్ద హోటళ్లలో గదులకు చల్లగాలి తెచ్చే గొట్టాలు వేరేగా ఉంటాయి. వాటిలో జిడ్డు ఉండదు, దుమ్ము ఉంటుంది. ఆ గొట్టాలు శుభ్రం చేయిస్తే ఆస్తమా, ఎలర్జీ అన్నీ పోతాయని కొన్ని ప్రకటనలు చెబుతుంటాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల గొట్టాల విషయంలో చెప్పిన మాట వేరు. గొట్టం శుభ్రం చేయడం వల్ల జబ్బులు రాకుండా ఉంటాయని రుజువు కాలేదు. లోపల బూజు కనబడినా, ఎలుకలు పురుగులు చేరినా, దుమ్ముతో మూసుకుపోయినా మాత్రం శుభ్రం చేయించాలి. ఏ.సి. ఫిల్టరును క్రమంగా కడగడం, నీరు కారకుండా చూడడం అంతకంటే ముఖ్యం.

పెద్ద భవనాల్లో గాలి ఏర్పాటుకు సంబంధించిన అసలు జబ్బు ఒకటి ఉంది. 1976 జూలైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. హాజరైన వారిలో చాలామందికి తీవ్రమైన న్యుమోనియా వచ్చింది, సుమారు 30 మంది చనిపోయారు. కొద్ది నెలల తర్వాత, 1977 జనవరిలో, దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నారు. లీజియనెల్లా అని పేరు పెట్టారు. ఇది దుమ్ములో కాదు, గోరువెచ్చగా నిలిచిన నీటిలో పెరుగుతుంది. మేడ మీది కూలింగ్ టవర్లు, వాడని షవర్లు దీనికి నెలవు. నీటి తుంపరలతో పాటు ఊపిరిలోకి పోతుంది. సాధారణంగా ఒకరి నుంచి ఒకరికి అంటదు. వృద్ధులకు, పొగ తాగేవారికి, షుగరు జబ్బు ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. ప్రయాణం నుంచి వచ్చిన రెండు వారాల లోపు తీవ్రమైన జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఎక్కడ బస చేశారో డాక్టరుకు చెప్పండి.

పాఠకులకు కలిగే సందేహాలు

ప్రశ్న: నూనె బాణలి అంటుకుంటే నీళ్లు పోయవచ్చా?
జవాబు: ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. నీరు నూనె కంటే బరువు కాబట్టి అడుగుకు చేరి క్షణంలో ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు సుమారు 1700 లీటర్ల ఆవిరి అవుతుంది. అది కాలుతున్న నూనెను పైకి చిమ్మి గదంతా నిప్పు చేస్తుంది. చేతికి అందితే గ్యాసు కట్టేసి, సరిపోయే మూత జార్చి మూయండి. బాణలిని ఎత్తి బయటికి తీసుకుపోయే ప్రయత్నం చేయవద్దు. హోటళ్లలో 'వెట్ కెమికల్' రకం సిలిండరు ఉంచాలి. అది మండే నూనె మీద సబ్బు పొర కట్టి గాలి తగలకుండా చేస్తుంది.

ప్రశ్న: మంట హుడ్ దాటి గొట్టంలోకి వెళితే?
జవాబు: దానిని మనం ఆర్పలేం. అందరినీ బయటికి పంపాలి. పై అంతస్తుల్లో ఉన్నవారికి తెలియజేయాలి. 101కి ఫోన్ చేయాలి. అగ్నిమాపక సిబ్బంది రాగానే గొట్టం ఏ దారిన పైకి వెళుతుందో చెప్పాలి. కింద మంట ఆరినట్టు కనబడినా వారు చూసేదాకా లోపలికి వెళ్లకూడదు.

ప్రశ్న: ఒళ్లు కాలితే పేస్టు, సిరా, పసుపు రాయవచ్చా?
జవాబు: రాయకూడదు. 20 నిమిషాలు చల్లని కుళాయి నీరు పోయాలి. మంచుగడ్డ పెట్టవద్దు. ఉంగరాలు, గాజులు తీసేయాలి. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురావాలి. పొగ పీల్చినవారు పైకి బాగున్నట్టే కనబడినా తప్పక చూపించాలి.

ప్రశ్న: మాది చిన్న టిఫిన్ సెంటరు. గొట్టం లేదు, గోడకు ఫ్యాను మాత్రమే ఉంది. మాకు ఇది వర్తిస్తుందా?
జవాబు: వర్తిస్తుంది. ఫ్యాను రెక్కలు, చట్రం వారానికొకసారి కరెంటు ఆపి తుడవండి. ఫ్యాను లాగిన గాలి స్థానంలో కొత్త గాలి రావడానికి ఎదురుగా కిటికీ తెరిచి ఉంచండి. అన్నీ మూసి ఫ్యాను ఒక్కటే వేస్తే పొగ పోదు. ఒక పల్చని కాగితం ఫ్యాను ముందు పట్టి చూడండి. కాగితం గట్టిగా లాగబడకపోతే ఫ్యాను పని చేయడం లేదని గుర్తు.

పనివారు తామే చేయదగినవి

– ప్రతి రాత్రి: హుడ్ లోపలి అంచు తుడవడం, నూనె తొట్టి ఖాళీ చేయడం
– వేపుళ్లు ఎక్కువైతే ప్రతిరోజూ, లేకపోతే వారానికొకసారి: ఫిల్టర్లు తీసి వేడినీటిలో కడగడం, పూర్తిగా ఆరాక బిగించడం
– ఫిల్టరు లేకుండా ఒక్క పూట కూడా పొయ్యి వెలిగించకపోవడం
– హుడ్ నుంచి నూనె బొట్లు కారినా, ఫ్యాను శబ్దం మారినా, పొగ గదిలో తిరిగినా వెంటనే యజమానికి చెప్పడం
– ఆటోమేటిక్ మంటలార్పే ఏర్పాటు ఉంటే ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించారా అని అడగడం
– వెనుక తలుపుకు అడ్డంగా సిలిండర్లు, బియ్యం బస్తాలు పెట్టకపోవడం

యజమానులకు ఒక విన్నపం. శుభ్రం చేయించే ఖర్చు కంటికి కనబడుతుంది, తప్పిన ప్రమాదం కంటికి కనబడదు. అందుకే ఈ ఖర్చు ఎప్పుడూ వచ్చే నెలకు వాయిదా పడుతుంటుంది. ప్రమాదం జరిగిన రోజున ముందు బలయ్యేది నెల జీతానికి పొయ్యి దగ్గర నిలబడిన మనిషి. పనివాడు పొగ పోవడం లేదని చెబితే అది పని తప్పించుకోవడానికి చెప్పే సాకు అనుకోకండి. ముందుగా అందిన హెచ్చరిక అనుకోండి.

మన చర్చి వంటశాలల సంగతి కూడా మరచిపోరాదు. క్రిస్మస్ విందుకు, కన్వెన్షన్ భోజనాలకు సంవత్సరంలో కొద్ది రోజులే అక్కడ పెద్ద పొయ్యిలు వెలుగుతాయి. మిగిలిన రోజులు మూసి ఉంటాయి. ఆ మూసిన కాలంలో పాత జిడ్డు గట్టిపడుతుంది, గొట్టంలో పక్షులు గూళ్లు పెడతాయి. ఎండుగడ్డి, పాత నూనె ఒకచోట చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వారు పండుగ వంట మొదలుపెట్టే వారం ముందే ఒకరిని పంపి గొట్టాన్ని, ఫ్యానును చూపించండి. చూసిన తేదీని వంటశాల గోడ మీద ఒక చీటీపై రాసి అంటించండి. వచ్చే సంవత్సరం వండేవారికి ఆ చీటీ చెప్పవలసినది చెబుతుంది.